రెండు వేళ్ళు తక్కువ

మా మామయ్య ఏ ఇంటికి వెళ్ళినా, మంచినీళ్ళిస్తే వెంటనే తాగేవాడు కాదు. గాజు గ్లాసును నేల మీద పెట్టేవాడు. పక్కనే గొంతుక్కూర్చుని, కన్ను నీటి అంచుకు సమంగా వచ్చేదాకా వంగేవాడు. రెండో కన్ను మూసేవాడు. నీళ్ళు కదులుతుంటే ఆగేవాడు. "నిలవనీ" అనేవాడు, ఎవరితోనో. నిలిచాక ఒక్క చూపు చూసి తాగేవాడు.

నేల వాలుగా ఉందని తేలితే ఆ ఇంటివాళ్ళతో ఏమీ అనేవాడు కాదు. బయటికి వచ్చాక "పాపం" అనేవాడు. అంతే.

తాపీ మేస్త్రీ. అమ్మకు తమ్ముడు. అందరూ మట్టం మేస్త్రీ అనేవారు. ఆ పేరు ఆయనకు నచ్చేదో లేదో నాకు తెలియదు. పిలిస్తే పలికేవాడు.

అత్తయ్య చెప్పేది: "నన్ను చూసుకోవడానికి వచ్చిన రోజు ఈయన నన్ను చూడలేదే. మా గడప చూశాడు. ఇటు పక్క దిగిపోయిందండీ అని మా నాన్నతో అన్నాడు. పిల్ల నచ్చిందా అని మా నాన్న అడిగితే, ముందు గడప సరిచేద్దాం అన్నాడు."

"సరిచేశాడా?"

"చేశాడు. అందుకే ఇచ్చారు."

మామయ్య దగ్గర ఒక గొట్టం ఉండేది. మెత్తటిది, లోపలికి కనిపించేది. బొటనవేలంత లావు, ఇరవై గజాల పొడవు. నీళ్ళు నింపి, రెండు కొసలూ పైకెత్తి, రెండు చోట్ల ఇద్దరు పట్టుకుంటే, రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే ఎత్తున నిలుస్తాయి. మధ్యలో గోడలున్నా, గుంటలున్నా, మెట్లున్నా సరే. ఈ గదిలో గీసిన గీతను ఆ గదికి అలాగే మోసుకుపోవచ్చు. మేస్త్రీలందరి దగ్గరా ఉండేదే. మామయ్య దాన్ని చూసుకున్నంత ఇదిగా ఎవరూ చూసుకునేవారు కాదు. పని అయ్యాక నీళ్ళు వంచి, ఊది, చుట్ట చుట్టి, తన తువ్వాలు కిందే పెట్టుకునేవాడు.

ఆ గొట్టం రెండో కొస అమ్మది. పెళ్ళికి ముందు అమ్మ తమ్ముడి వెంట పనికి వెళ్ళేది. ఇటుకలందించేది, ఇసుక జల్లించేది. కానీ గొట్టం పట్టాలంటే మామయ్య కూలివాళ్ళను నమ్మేవాడు కాదు. "అక్క చెయ్యి వణకదు" అనేవాడు. నాన్న పోయాక అమ్మ మళ్ళీ పనికి వెళ్ళింది, మళ్ళీ ఆ కొస పట్టుకుంది. మామయ్య ఒక గదిలోనుంచి "నిలిచిందా అక్కా?" అని అడిగేవాడు. ఇంకో గదిలోనుంచి అమ్మ "ఆగరా" అనేది. కొంతసేపటికి "నిలిచింది" అనేది. నా చిన్నతనమంతా ఆ రెండు మాటల మధ్య ఉన్న నిశ్శబ్దంలా గుర్తుంది నాకు.

చివరి రోజుల్లో ఆయన కళ్ళకు పొర కమ్మింది. అయినా గ్లాసు కింద పెట్టడం మానలేదు. వంగలేక, నన్ను వంగమనేవాడు.

"నిలిచిందా?"

"నిలిచింది మామయ్యా."

"ఎటైనా వాలిందా?"

"లేదు."

"మీ ఇల్లు కదా, వాలదు" అనేవాడు.

మా ఇంటి గోడలకు కింద మూడు వరసలు రాయి. పైనంతా పాత మట్టి. అలా ఎవరూ కట్టరు. ఇంటికి వచ్చిన కొత్త మేస్త్రీలు ఆగి, తల గోక్కుని, "ఇదేంటమ్మా, చెట్టు కొమ్మలుంచి వేళ్ళు మార్చినట్టు" అంటారు. మార్చినాయన ఎవరో చెబుతాను. అది వరద వచ్చిన ఏడాది.

మాది తాపీవాళ్ళ సందు. ఆరిళ్ళు. అన్నీ మట్టిగోడలే, పైన సున్నం. ఊరందరికీ ఇటుక ఇళ్ళు కట్టినవాళ్ళు మట్టి ఇళ్ళలోనే ఉండేవారు. సందు మొదట్లో పిండిమర. సందు చివర మా ఇల్లు. మా పక్కది మామయ్యది. ప్రతి వానకూ మా ఇంట్లోకి నీళ్ళొస్తున్నాయని, నాన్న పోయిన ఏడాది, మామయ్య మా ఇంటి నేలను రాయీ మట్టీ నింపి అడుగున్నర పైన ఎత్తు చేశాడు. నేల పెరిగింది కానీ ద్వారం పెరగలేదు. వచ్చినవాళ్ళు తల వంచి రావాల్సిందే. "మా అక్కకు అందరూ దండం పెట్టి లోపలికి వస్తారు" అని మామయ్య నవ్వేవాడు. తనకే నుదుటి మీద మూడు బొప్పులు.

వరద ఒక ఉదయం వచ్చి ఆ సాయంత్రం దాకా ఉంది. సందులో అందరూ కప్పులెక్కారు. అమ్మకు నిచ్చెనెక్కే మోకాళ్ళు లేవు. నాకు అప్పుడు ఎనిమిదేళ్ళు. నన్ను కిటికీ చువ్వల దగ్గర నిలబెట్టి, వెనక నుంచి తన రెండు చేతులూ చువ్వలకు వేసి, అమ్మ అలాగే నిలబడింది. మంచం తేలి వెళ్ళి తలుపుకు కొట్టుకుంటూ ఉంది. నీళ్ళు నా గుండెల దాకా వచ్చి ఆగాయి.

నీళ్ళు తీశాక బురద మిగిలింది. ఊరంతా తడిసిన పరుపులు, విరిగిన తలుపులు వీధిలో పడేసుకుని, సర్కారు మనుషులు వచ్చి చూసేదాకా అలాగే కూర్చున్నారు. మా సందు ఒక్కటే కూర్చోలేదు.

మొదలుపెట్టింది మామయ్య. మూడో రోజు బురద ఎత్తాడు. అయిదో రోజు గోడకు పూత పెట్టాడు. తొమ్మిదో రోజు సున్నం వేశాడు. లోపల మట్టి ఇంకా తడిగానే ఉందని ఆయనకు తెలుసు. వచ్చే వానలకు గోడలు పొట్టలేసి జారతాయని కూడా తెలుసు. అయినా ఆగలేకపోయాడు. తన ఇంటి గోడ పెచ్చులూడి వీధికి కనిపిస్తుంటే ఆ మేస్త్రీని పనికి ఎవరు పిలుస్తారు? ఆయన పూయగానే పక్కిల్లు పూసింది. దాన్ని చూసి ఆ పక్కది. అమ్మ గోడలకు కూడా తనే పూశాడు. పది రోజులకు సందు తెల్లగా మెరిసింది.

పన్నెండో రోజు కొలతల గుమాస్తా వచ్చాడు. వరద సాయం ఆఫీసు ఆయన. చేతిలో టేపు, చంకలో రిజిస్టరు, చెప్పులకు నాలుగు వీధుల బురద. మట్టి ఇంట్లో నీళ్ళు నేల మీద నుంచి మూడడుగులు నిలిస్తే ఆ ఇల్లు కూలినట్టే లెక్క. మిట్ట మీద సర్కారు కొత్త ఇల్లు కట్టిస్తుంది. అంతకు తగ్గితే మరమ్మతు కింద కాసిన్ని సిమెంటు బస్తాలు, రేకులు. ఎంత నిలిచాయో చెప్పేది గోడ మీది బురద మరక.

ఆయన సందులోకి తిరిగి ఆగిపోయాడు.

"ఈ సందుకు వరద రాలేదా?"

"రాకేమండీ, నిలువెత్తు వచ్చింది" అంది అత్తయ్య.

"ఎక్కడమ్మా? పెళ్ళివారిల్లులా ఉంది."

"కడుక్కున్నాం. సున్నం కొట్టుకున్నాం."

"అయ్యో తల్లీ. మరక చూసి రాసుకునేవాణ్ణి నేను. మరక లేని ఇంటికి ఏం రాయను?"

ఆరిళ్ళూ తిరిగాడు. ఆరిళ్ళకూ 'నష్టం లేదు' అని రాసుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం సందంతా మామయ్య అరుగు ముందు చేరింది. రెండో ఇంటి పొట్టి మేస్త్రీ మొదలుపెట్టాడు.

"నువ్వు పూశావని నేను పూశానయ్యా. నువ్వు నూతిలో దూకితే నేనూ దూకేవాణ్ణి. నా బుద్ధికి!"

"అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందట" అంది అత్తయ్య. "ఊళ్ళో గోడలన్నీ నీకే కావాలి. నాలుగు రోజులు బురదలో పడుకుంటే పరువు పోయేదా?"

మామయ్య వాళ్ళ మధ్యలోంచి లేచి సందు మొదటికి నడిచాడు. పిండిమర ముందు ఆగాడు. దాని యజమాని వరదకు ముందే తాళం వేసి కూతురి దగ్గరికి వెళ్ళాడు. ఇంకా రాలేదు. ఆ గోడను ఎవరూ కడగలేదు, ఎవరూ పూయలేదు. గోడ పొడవునా బురద గీత. తాడు పట్టి గీసినట్టు.

మర్నాడు బడికి వెళ్ళాడు. ఆఫీసు అక్కడే పెట్టారు. వరసలో నిలబడి నిలబడి, మధ్యాహ్నానికి గుమాస్తా బల్ల ముందుకు వచ్చాడు.

"సాక్ష్యం ఏముంది మేస్త్రీ?" అన్నాడు గుమాస్తా. "అందరూ నిలువెత్తు అనే అంటారు."

బల్ల మీది కలం దొర్లి కింద పడింది. గుమాస్తా వంగి తీసి పెట్టాడు. మళ్ళీ దొర్లింది. పొద్దుటినుంచీ అదే పని అనుకుంటాను. మామయ్య నేల మీద ఒక అట్టముక్క తీసి, నాలుగు మడతలు వేసి, బల్ల కాలి కింద పెట్టాడు. గుమాస్తా తాగే గ్లాసును తనే బల్ల మధ్యకు జరిపాడు. వంగి, ఒక కన్ను మూశాడు. వెనక వరసలో జనం "ఏం చేస్తున్నాడయ్యా ఈయన" అంటున్నారు.

"ఇప్పుడు పెట్టండి" అన్నాడు.

కలం పెట్టిన చోటే ఉంది.

"పిండిమర గోడ మీద నీళ్ళు గీసిన గీత ఉందండీ. దాన్ని ఆరిళ్ళకూ మోసుకొస్తాను, వెంట్రుకవాసి తేడా లేకుండా. మీ ముందే. గోడలు పగలగొట్టి తడి చూపిస్తాను. చూశాక మీ ఇష్టం."

గుమాస్తా కలం వైపు చూశాడు. "రేపు పొద్దున వస్తాను" అన్నాడు.

వచ్చాడు. అమ్మ గొట్టం నింపింది. మామయ్య పిండిమర గోడ దగ్గర ఒక కొస పట్టాడు. అమ్మ రెండో కొస పట్టుకుని మొదటి ఇంట్లోకి వెళ్ళింది. కొసల మీద ఇద్దరి బొటనవేళ్ళు.

"వదులు."

వేళ్ళు తీశారు. గొట్టంలో నీళ్ళు లేచాయి, దిగాయి, మళ్ళీ లేచాయి. మామయ్య కొసను పైకీ కిందకీ జరిపి నీళ్ళను బురద గీతకు తెచ్చాడు.

"నిలిచిందా అక్కా?"

"ఆగరా."

గుమాస్తా కూడా ఆగాడు. సందంతా ఆగింది.

"నిలిచింది."

అమ్మ తెల్లటి గోడ మీద బొగ్గుతో గీత గీసింది. గుమాస్తా టేపు పట్టాడు. నాలుగున్నర అడుగులు. మామయ్య సుత్తి తీసి, గీత కింద జానెడు మేర పూత కొట్టాడు. లోపలి మట్టి ముద్దగా జారి పడింది. గుమాస్తా దాన్ని వేళ్ళతో నలిపి చూశాడు, రిజిస్టరు తెరిచి పాత మాట కొట్టేశాడు.

ఆ ఇంటి గీత నుంచి తర్వాతి ఇంటికి. దాని నుంచి మరో ఇంటికి. అలా అయిదిళ్ళు. ప్రతి ఇంట్లో తను తొమ్మిది రోజుల కింద నున్నగా మెత్తిన గోడనో, తనను చూసి మెత్తిన గోడనో మామయ్య కొట్టుకుంటూ వచ్చాడు. పొట్టి మేస్త్రీ ఇంట్లో, "నిదానంగా కొట్టవయ్యా, బాగా కుదిరిన పూత అది" అన్నాడు పొట్టి మేస్త్రీ. అంతా నవ్వారు. గుమాస్తా కూడా నవ్వాడు. అయిదిళ్ళూ జాబితాకు ఎక్కాయి.

మాది మిగిలింది.

మామయ్య తన ఇంట్లో గీత దగ్గర కొస పట్టుకున్నాడు. గుమాస్తా ఆయన పక్కనే ఉన్నాడు. అమ్మ మా ఇంట్లోకి వచ్చింది. లోపల అమ్మా, నేనూ. ఇంకెవరూ లేరు.

"వదులు" అన్న మాట గోడ అవతలి నుంచి వినిపించింది. అమ్మ వేలు తీసింది. నీళ్ళు లేచి, ఊగి, నిలిచాయి. ఎక్కడ నిలిచాయో నేను చూశాను. అమ్మ చూసింది. తర్వాత నేల వైపు చూసింది, మెట్ల వైపు చూసింది. చేతిలో బొగ్గుముక్క ఉంది. గోడంతా తెల్లగా ఉంది. ఎక్కడ గీస్తే అక్కడే వరద.

"నిలిచిందా అక్కా?"

అమ్మ పలకలేదు.

"అక్కా?"

"నిలిచింది" అని, నీళ్ళున్న చోటే గీసింది.

గుమాస్తా తల వంచి లోపలికి వచ్చాడు. టేపు పట్టాడు. మళ్ళీ పట్టాడు. మూడడుగులకు రెండు వేళ్ళు తక్కువ.

మామయ్య ఆ గీతను చూస్తూ నిలబడిపోయాడు. నేలను ఎత్తు చేసింది తనే.

"గొట్టంలో బుడగ ఏమైనా చేరిందేమో" అన్నాడు గుమాస్తా, మెల్లగా. బుడగ చేరితే గొట్టం అబద్ధం చెబుతుంది. ఆ మాట పొద్దున మామయ్యే ఆయనకు చెప్పాడు. ఆయన దాన్ని గుర్తు పెట్టుకున్నాడు.

మామయ్య గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి, మూరలు మూరలుగా, ఆ కొస నుంచి ఈ కొసకు చూశాడు. బుడగ కోసం అంత ఆశగా వెతికిన మేస్త్రీ ఇంకొకడు ఉండడు. లేదు. మళ్ళీ పట్టారు. నీళ్ళు ఆ గీత మీదికే వచ్చాయి.

"రెండు వేళ్ళే కదా" అన్నాడు గుమాస్తా. "మీరు మూడడుగులు అంటే మూడే రాస్తాను."

మామయ్య నోరు తెరిచాడు. ద్వారం దగ్గర సందులోవాళ్ళంతా తలలు వంచి చూస్తున్నారు. మామయ్య మూడంటే కాదనేవాళ్ళు అక్కడ లేరు.

"రాయొద్దు బాబూ" అంది అమ్మ. "ఈ గొట్టం మాట మీద అయిదిళ్ళు నిలబడ్డాయి. ఇక్కడ రెండు వేళ్ళు బొంకితే, రేపు ఎవరైనా టేపు తెస్తే అయిదూ పోతాయి. నీళ్ళు చెప్పిందే రాయి."

గుమాస్తా రాశాడు. మరమ్మతు. బయటికి పోతూ నుదురు ద్వారానికి కొట్టుకున్నాడు.

"దండం పెట్టి పోవాలండీ" అన్నాడు పొట్టి మేస్త్రీ. ఈసారి ఎవరూ నవ్వలేదు.

సాయంత్రం మామయ్య మా మెట్ల మీద కూర్చున్నాడు. అమ్మ గ్లాసులో నీళ్ళిచ్చింది. కింద పెట్టాడు కానీ వంగలేదు.

"నేనే ఎత్తు చేశానక్కా."

"చేశావు."

"చెయ్యకపోతే నీకూ కొత్త ఇల్లు వచ్చేది. మిట్ట మీద పక్క పక్కనే ఉండేవాళ్ళం."

"ఒరే తమ్ముడూ, నీ ఇంట్లో గీత ఎక్కడుంది?"

"నాలుగున్నర."

"పిల్లదాన్ని పిలిచి ఆ గీత పక్కన నిలబెట్టు. ఎక్కడికి వస్తుందో చూడు."

నన్ను పిలవలేదు. నా వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత గ్లాసెత్తి నీళ్ళు గటగటా తాగి, తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. నీటిని చూడకుండా ఆయన తాగడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మిట్ట మీద ఇళ్ళు ఏడాదికి లేచాయి. కట్టించిన కాంట్రాక్టరుతో మామయ్య రోజూ గొడవే. "సర్కారు ఇల్లయితే మాత్రం నీళ్ళు సర్కారు మాట వింటాయా? వాలు చూసి వెయ్యి" అనేవాడు. చివరికి ఆ అయిదిళ్ళ నేలలు ఆయన చేతే వేయించుకున్నారు. సందు ఖాళీ అయింది. అయిదిళ్ళ మట్టి ఒక్కొక్కటిగా జారి, గడ్డి మొలిచింది. మా ఇల్లొక్కటే మిగిలింది. రోజూ సాయంత్రం అత్తయ్యా మామయ్యా మిట్ట దిగి వచ్చేవారు, ఆ గడ్డిలో నడిచి. "ఇక్కడే కదా పొట్టోడి ఇల్లు" అనేవాడు మామయ్య, అడుగు వేసే ముందు ఆగి. అక్కడ గడప ఉన్నట్టు కాలెత్తి దాటేవాడు.

ఆయన పోయి రెండేళ్ళు. గొట్టం మా ఇంట్లో ఉంది. గట్టిపడి పసుపెక్కింది. ఇప్పుడు వంచితే విరుగుతుంది. గోడ మీద ఎన్ని సున్నాలు పడ్డా ఆ బొగ్గు గీత మసకగా పైకి వస్తూనే ఉంటుంది.

ఆ సాయంత్రం నీళ్ళు తాగి వెళ్ళిన మనిషి మర్నాడు పొద్దున్నే వచ్చాడు. మేము ఇంకా ముఖాలు కడుక్కోలేదు. చేతిలో గునపం, తాపీ. భుజాన గొట్టం. వెనక బండిలో వాసాలు, రాయి. తన పాత అరుగు విప్పి తెచ్చిన రాయి అది. కప్పు కింద వాసాలు ఆనించి బిగించాడు.

"ఏం చేస్తావురా?" అంది అమ్మ.

"తడిసింది కింది మూడడుగులే. అది తీసేసి రాయి పెడతాను. మూరెడు తీయడం, మూరెడు కట్టడం. పన్ను తీసి పన్ను పెట్టినట్టు."

"నీ కొత్త ఇంటికి నేల చూపిస్తామన్నారు కదా ఇవాళ. వెళ్ళవా?"

"చూపించనీ. నేల ఎక్కడికీ పోదు."

గొట్టం నింపాడు. ఒక కొస అమ్మకిచ్చాడు. తను రెండో కొస పట్టుకుని, తల వంచి లోపలికి వెళ్ళి, అవతలి గోడ దగ్గర నిలబడ్డాడు. బొటనవేలు తీశాడు.

"నిలిచిందా అక్కా?"

"ఆగరా" అంది అమ్మ.

ఆగాడు.